ఏలికలను వెఱపించిన సేవకుడు: జోసెఫ్ ఫూషే

చారులే రాజునకు కన్నులని మన పూర్వులు చెప్పిరి. గద్దెపై కూర్చున్నవాడు దూరదేశపు సన్నాహములను, తన కోటలోని గుసగుసలను తానొక్కడే చూడజాలడు. కావున చూపును ఇతరుల నుండి ఎరువు తెచ్చుకొనక తప్పదు. కాని ఎరువు తెచ్చుకొన్న కన్ను తన వంకకే తిరిగి చూడ మొదలిడినచో ఏలిక యేమి చేయవలెను? దానిని తొలగించు అధికారము శాసనరీత్యా అతనికి ఎల్లప్పుడును కలదు. ఒక కాగితము, ఒక సంతకము చాలును. అయినను ఆ సంతకము చేయుటకు యూరపు ఖండమును గడగడలాడించిన చక్రవర్తి సైతము పలుమార్లు వెనుదీసెను. ఆ చక్రవర్తి నెపోలియను. అతనిని అట్లు వెనుదీయించిన సేవకుడు జోసెఫ్ ఫూషే.

ఫూషే ఫ్రాన్సు దేశపు పోలీసు మంత్రి. నాటి ఫ్రాన్సులో పోలీసు మంత్రి యనగా దొంగలను పట్టించు అధికారి మాత్రమే కాదు. రాజ్యమునకు విరుద్ధముగా సాగు కుట్రలను పసిగట్టు గూఢచార శాఖ అతని చేతిలోనే యుండెను. 1799 మొదలు 1815 వఱకు గల పదునాఱేండ్లలో అతడు నాలుగు మార్లు ఆ పదవి నెక్కెను. మూడు మార్లు తొలగింపబడెను. తొలగించినవారు ఇరువురు: ఒకడు చక్రవర్తి, మఱియొకడు రాజు. ఆ మూడు తొలగింపులను తెలిసికొన్నచో, ప్రభుత్వమునకును దాని గూఢచార శాఖాధిపతికిని గల సంబంధమెంత చిక్కైనదో తెలియగలదు.

బడిపంతులు

ఫూషే 1759 మే 21వ తేదీన ఫ్రాన్సు పశ్చిమతీరమున నాంత్ నగరమునకు చేరువనున్న ల పెల్లరె అను గ్రామమున జన్మించెను. తండ్రి ఓడ నడుపు నావికుడు. కొడుకును సముద్రము మీదికే పంపవలెనని ఆ కుటుంబము తలచెను గాని, బాలుని దుర్బల శరీరము అందుకు సరిపడలేదు. కావున అతనిని ఒరేటోరియనులను క్రైస్తవ గురుసంఘము నడుపు పాఠశాలలో చేర్చిరి. అతడు శిరోముండనము చేయించుకొని గురువేషమును ధరించెనే గాని పూర్తి దీక్షను ఎన్నడును స్వీకరింపలేదు. కడపటి ముడిని వేసికొనకుండుట అతని జీవితమున తరువాత కూడ కానవచ్చు లక్షణము.

దాదాపు పదేండ్లు అతడు ఆ సంఘపు కళాశాలలలో ఊరూర తిరుగుచు గణితమును, భౌతికశాస్త్రమును బోధించెను. అరాస్ నగరమున పనిచేయు కాలమున అచ్చటి యువ న్యాయవాది యొకనితో పరిచయము కలిగెను. ఆ న్యాయవాది పేరు మాక్సిమిలియన్ రొబెస్పియర్. నాడు విద్యాగోష్ఠులలో కలిసిన ఈ ఇరువురిలో ఒకరు రెండవవాని తలకు ఎసరు పెట్టు దినమొకటి వచ్చునని ఎవ్వరును ఊహింపలేదు.

గురుకులములలో గడపిన యేండ్లు ఫూషేకు రెండు గుణములను అలవఱచెను: ఒకటి మౌనము, మఱియొకటి ఓపిక. పాలిపోయిన ముఖము, సన్నని పెదవులు, బరువైన కనురెప్పల చాటున దాగిన చూపు. అతని మనసులో నేమున్నదో ఎదుటివారికి తెలియదు. ఇతరుల మనసులో నున్నది మాత్రము అతడు ఓపికతో రాబట్టుకొనును.

విప్లవ కాలము

1789లో ఫ్రెంచి విప్లవము చెలరేగెను. 1792లో నాంత్ ప్రాంతము ఫూషేను జాతీయ కన్వెన్షనునకు ప్రతినిధిగా ఎన్నుకొనెను. మొదట అతడు మితవాదుల నడుమ కూర్చుండెను. 1793 జనవరిలో పదునాఱవ లూయీ రాజునకు మరణశిక్ష విధింపవలెనా వలదా యని సభలో ఓట్లు తీసికొనబడినప్పుడు, మితవాదులు ఆశించినదానికి విరుద్ధముగా అతడు మరణశిక్షకే ఓటు వేసెను. గాలి ఎటు వీచుచున్నదో చూచి వేసిన ఓటది. కాని ఆ యొక్క ఓటు ఇరువదిమూడేండ్ల తరువాత అతనిని దేశము నుండి వెడలగొట్టెను.

అదే సంవత్సరము కన్వెన్షను అతనిని తన ప్రతినిధిగా పరగణాలకు పంపెను. నెవేర్ నగరమున అతడు దేవాలయములలోని వెండి బంగారములను తీయించి పారిసునకు పంపెను. నిన్నటి గురువేషధారి నేడు మతమునకే శత్రువయ్యెను. ఆపై, కన్వెన్షనుపై తిరుగుబాటు చేసి ఓడిపోయిన లియోన్ నగరమును శిక్షించుటకు కొలో డెర్బువా అను సహచరునితో కూడ నవంబరులో అచ్చటికి పోయెను. గిలటిన్ యంత్రము చాలినంత వేగముగా పనిచేయుట లేదని, ఖైదీలను బయలులో వరుసగా నిలిపి ఫిరంగులతో కాల్పించిరి. కొలది మాసములలో అచ్చట చంపబడినవారు 1,800కు పైబడి యుందురు. ఫూషే జీవితమున చెరగని మచ్చ యిది. ఈ విషయమును చదువరి గుర్తుంచుకొనవలెను. తరువాతి కాలమున అతడు మూడు మార్లు పదవి కోల్పోయెను గాని, లియోన్ ప్రజల నెత్తుటికై ఒక్కమారును కోల్పోలేదు.

1794 వసంతమున అతడు పారిసునకు తిరిగి రాగా, రొబెస్పియరు అతనిపై కన్నెఱ్ఱ చేసెను. జూలైలో జాకోబిను సంఘము నుండి బహిష్కరింపజేసెను. నాడు బహిష్కారమునకు తరువాతి మెట్టు గిలటిన్ యంత్రమే. ఆ వేసవిలోనే ఫూషే పసికూతురు వ్యాధిగ్రస్తురాలై మరణించెను. పగలు తలదాచుకొనుచు, రాత్రివేళ అతడు ప్రతినిధుల ఇండ్లకు ఒక్కొక్కటిగా పోయి, రొబెస్పియరు సిద్ధము చేయుచున్న మృత్యుపట్టికలో మీ పేరును ఉన్నదని ప్రతివానికిని చెప్పెనని చరిత్రకారులు వ్రాసిరి. ఆ పట్టికను చూచినవారు ఎవ్వరును లేరు. చూడనందువలననే అందఱును భయపడిరి. భయపడినవారందఱు ఏకమై జూలై 27వ తేదీన సభలో రొబెస్పియరును కూలద్రోసిరి. మఱునాడే అతని తల తెగెను.

సమాచారమను దానికి గల శక్తిని ఫూషే నాడు గ్రహించెను. రహస్యము తెలిసియుండుట ఒక బలము. తెలిసియున్నదని ఇతరులు నమ్ముట అంతకు మించిన బలము.

మంత్రి పదవి

రొబెస్పియరు పతనముతో ఫూషేకు వెంటనే మేలు కలుగలేదు. 1795లో అతనిని నిర్బంధింపవలెనని సభ తీర్మానించెను. ఆ సంవత్సరాంతమున ప్రకటింపబడిన క్షమాభిక్షతో తప్పించుకొని మూడేండ్లు పేదఱికమున గడపెను. పిదప డైరెక్టరీ ప్రభుత్వమున ప్రముఖుడైన బర్రాస్ అతనిని చేరదీసెను. మిలను నగరమునకును, అటుపై హాలండునకును రాయబారిగా పోయివచ్చిన ఫూషేను 1799 జూలై 20వ తేదీన పోలీసు మంత్రిగా నియమించిరి.

ఆ మంత్రిత్వ శాఖ 1796లో నెలకొల్పబడినది. అప్పటి నుండి మూడున్నరేండ్లలో ఎనమండుగురు మంత్రులు వచ్చి పోయిరి. పోలీసు మంత్రిని తొలగించుట నాటి ప్రభుత్వమునకు మంచినీళ్ళు త్రాగినంత సులభము. ఫూషే వచ్చిన పిదప ఆ సౌలభ్యము నశించెను.

దీనికి కారణము అతని పనితీరు. పూర్వపు మంత్రులు బడ్జెటులో ఇచ్చిన సొమ్ముతో శాఖను నడపిరి. ఫూషే జూదశాలల లైసెన్సుల వలన వచ్చు ఆదాయమును తన శాఖకు మళ్ళించుకొని, ప్రభుత్వపు ఖజానాను అడుగనక్కఱలేని రహస్యనిధిని సమకూర్చుకొనెను. ఆ సొమ్ముతో పూటకూళ్ళ ఇండ్ల యజమానులు మొదలు ప్రభువంశపు స్త్రీల వఱకు అన్ని అంతరములలోను వార్తాహరులను నిలిపెను. నెపోలియను భార్య జోసెఫీను సైతము అతని యొద్ద సొమ్ము పుచ్చుకొని అంతఃపురపు వార్తలను అందించెడిదని నాటివారు చెప్పుకొనిరి. ఏ వార్త ఎవరి వలన వచ్చినదో పూర్తిగా తెలిసినవాడు అతడొక్కడే. శాఖ ప్రభుత్వముది, శాఖ యొక్క జ్ఞాపకశక్తి మాత్రము అతనిది.

1799 నవంబరు 9వ తేదీన నెపోలియను డైరెక్టరీని కూలద్రోయుటకు పూనుకొనెను. ఆ కుట్రను పసిగట్టి ప్రభుత్వమును హెచ్చరింపవలసిన మంత్రి ఫూషేయే. అతనికి విషయము తెలియును. అయినను తనను నియమించిన ప్రభువులకు చెప్పలేదు. కుట్ర ఫలించునట్లు కనబడగానే నగరద్వారములను మూయించి కొత్త ప్రభువు పక్షమున నిలిచెను. నెపోలియను అతనిని మంత్రిగానే ఉంచుకొనెను. పాత యజమానికి ద్రోహము చేసి తనకు మేలు చేసినవాడు రేపు తనకు మాత్రమేల ద్రోహము చేయడను సందేహము నెపోలియనునకు కలుగకుండునా? కలిగెను. కాని అట్టివాడు శత్రువుల చేతిలో నుండుట కన్న తన చేతిలో నుండుట మేలని తలచెను.

పేలిన పీపా

1800 డిసెంబరు 24వ తేదీ రాత్రి నెపోలియను హేడను సంగీతము వినుటకు నాటకశాలకు పోవుచుండగా, సెయింట్ నికేజ్ వీథిలో బండిపై నుంచిన మందుగుండు పీపా పేలెను. దారిన పోవు జనులు పలువురు మరణించిరి. నెపోలియను వెండ్రుకవాసిలో తప్పించుకొనెను. ఇది జాకోబినుల పనియేనని అతడు మండిపడెను. పూర్వపు జాకోబినైన ఫూషే వారిని కాపాడుచున్నాడని కొలువువారు నిందించిరి. ఇది రాచరిక పక్షపువారి కార్యమని ఫూషే మాత్రము పట్టుబట్టెను.

అతడు పరిశోధించిన తీరు నేటి విద్యార్థులకును ఆసక్తి కలిగించును. పేలుడులో చచ్చిన బండిగుఱ్ఱము కళేబరమును భద్రపఱపించి, దాని ఆనవాళ్ళను నగరమున ప్రకటింపజేసెను. ఆ గుఱ్ఱమునకు నాడా కొట్టిన కమ్మరి దానిని గుర్తించెను. దానిని అమ్మిన ధాన్యపు వర్తకుడును ముందుకు వచ్చెను. ఆ వర్తకుడు చెప్పిన పోలికలను బట్టి రాచరిక పక్షపు కుట్రదారులు బయటపడిరి. వారిలో ఇరువురికి 1801 ఏప్రిలులో మరణశిక్ష జరిగెను.

ఫూషే మాటయే నిజమయ్యెను. కాని ఆ నిజము తేలులోపల నెపోలియను కోపమును చల్లార్చుటకై 130 మంది జాకోబినులను దూరద్వీపములకు పంపుటకు పట్టిక సిద్ధమయ్యెను. వారు నిర్దోషులని ఎఱిగియు ఫూషే దానికి అడ్డుపడలేదు. నేరస్థులు పట్టుబడిన పిదప కూడ ప్రభుత్వము ఆ శిక్షను రద్దు చేయలేదు. వారిలో పెక్కుమంది మరల స్వదేశమును చూడలేదు. నిజము తెలిసియుండుట వేఱు, నిజము పక్షమున నిలుచుట వేఱు అనుటకు ఇంతకన్న నిదర్శనమేమి కావలెను?

మొదటి తొలగింపు

1802లో ఇంగ్లండుతో సంధి కుదిరెను. నెపోలియను యావజ్జీవ కాన్సలయ్యెను. ఫూషే శక్తి అతనికి కంటగింపుగా నుండెను. అయినను అతనిని ముఖాముఖి పొమ్మనుటకు సాహసింపక ఒక యుక్తి పన్నెను. దేశమున శాంతి నెలకొన్నది గనుక పోలీసు మంత్రిత్వ శాఖయే అనవసరమని, 1802 సెప్టెంబరులో ఆ శాఖను రద్దుచేసి, దాని పనులను న్యాయశాఖలో కలిపెను. ఫూషేను సెనేటు సభ్యునిగా గౌరవించెను. అతడు శాఖ లెక్కలను అప్పగించుచు, ఎవ్వరికిని తెలియని రహస్యనిధి మిగులును చూపగా నెపోలియను నివ్వెఱపోయి అందులో సగము అతనికే బహూకరించెనని చెప్పుదురు. మనిషిని తొలగించుటకు వెఱచి కుర్చీనే తొలగించిన వింత యిది.

కుర్చీ లేకపోయినను కన్నులు మూతపడలేదు. ఫూషే తన పాత వార్తాహరులను విడువలేదు. న్యాయశాఖ మాత్రము కుట్రలను పసిగట్టుటలో వెనుకబడెను. జార్జి కదూదాల్ మొదలైన రాచరిక పక్షపువారు నెపోలియనును పట్టుకొనుటకై పారిసులో మాసముల తరబడి మకాము పెట్టిన సంగతి 1804 మొదట గాని బయటపడలేదు. ఆ కలవరములోనే నెపోలియను పొరుగు రాజ్యము నుండి ఆంఘియా ప్రభువును పట్టి తెప్పించి, మార్చి 21వ తేదీన కాల్పించి అపకీర్తి పాలయ్యెను. మే మాసమున చక్రవర్తిగా ప్రకటింపబడి, జూలై 10వ తేదీన పోలీసు శాఖను మరల స్థాపించి ఫూషేనే పిలిచెను. తీసివేసినవాడే తిరిగి పిలువవలసి వచ్చెను.

కన్నులపై కన్నులు

రెండవమారు నియమించినప్పుడు నెపోలియను మిక్కిలి జాగ్రత్తపడెను. చారులు ఒకరి నొకరు ఎఱుగకుండవలెననియు, మువ్వురు వేఱువేఱుగా తెచ్చిన వార్త ఏకమైనప్పుడే నమ్మవలెననియు కౌటిల్యుడు అర్థశాస్త్రమున విధించెను. నెపోలియను ఆ గ్రంథమును ఎఱుగడు గాని అదే మార్గమును త్రొక్కెను. పారిసు నగరపు పోలీసు ప్రిఫెక్టుగా ఫూషేను మెచ్చని దుబువా ఉండెను. సవారీ చేతిలో సాయుధభటుల దళమును, దురోక్ చేతిలో రాజప్రాసాద రక్షణయు, లావలెత్ చేతిలో ఉత్తరములను విప్పి చూచు తపాలా విభాగమును వేఱువేఱుగా ఉంచెను. వీరందఱును ఫూషే పైని కన్నువేసి యుండిరి. ఫూషేయు వారిపై కన్నువేసి యుండెను.

దేశమును నాలుగు భాగములుగా విభజించి ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఉన్నతాధికారిని నియమించిరి. వచ్చిన వార్తలన్నియు ఒకచోట చేర్చి, ప్రతిదినము చక్రవర్తికి ఒక నివేదికను పంపుచుండిరి. యుద్ధరంగమున నున్నను నెపోలియను దానిని చదువక విడువడు. ఆ దినచర్యలు నేటికిని ఫ్రెంచి చరిత్రకారులకు అమూల్యమైన ఆధారములు. అయితే ఆ నివేదికలలో ఏది వ్రాయవలెను, ఏది విడువవలెను అను నిర్ణయము ఫూషేదే.

1808లో నెపోలియను స్పెయిను యుద్ధమునకు పోయియుండగా, చిరకాల విరోధులైన ఫూషేయు టాలీరాండును ఒక విందులో చేయి చేయి పట్టుకొని తిరిగిరి. చక్రవర్తి యుద్ధమున మడిసినచో తరువాతి ప్రభువెవ్వరను ఆలోచన వారిది. ఆ వార్త విని నెపోలియను 1809 జనవరిలో హుటాహుటిగా తిరిగివచ్చి, టాలీరాండును అందఱియెదుట తిట్టి కొలువు పదవి నుండి తొలగించెను. ఫూషేను మాత్రము ముట్టలేదు. ఒకే నేరమునకు ఒకనికి శిక్ష, మఱియొకనికి ఉపేక్ష. రహస్యముల పెట్టె ఎవరి చేతిలో నున్నదో చూచినచో కారణము తెలియును.

ఆ సంవత్సరము జూలై చివర, నెపోలియను వియన్నా వద్ద నుండగా, ఆంగ్లేయుల సేన నెదర్లండ్సు తీరమున వాల్చెరెన్ ద్వీపమున దిగెను. తోటి మంత్రులు దిక్కుతోచక యుండగా, దేశీయ వ్యవహారముల శాఖను కూడ తాత్కాలికముగా చూచుచున్న ఫూషే, చక్రవర్తి అనుమతికై వేచియుండక జాతీయ రక్షకదళమును సమీకరించి, బెర్నడోట్ సేనానిని రక్షణకు పంపెను. ఆంగ్లసేనలో నాలుగు వేల మంది యుద్ధమున గాక జ్వరముతో మరణింపగా మిగిలినవారు వెనుకకు మరలిరి. నెపోలియను మెచ్చుకొని ఫూషేకు ఒట్రాంటో డ్యూకు బిరుదు నొసగెను. కాని ఒక మంత్రి తన ఆజ్ఞ లేకయే సేనలను లేవదీయగలడని అతడు నాడే మనసులో గుర్తుపెట్టుకొనెను.

రెండవ తొలగింపు

1810లో ఫూషే హద్దు మీఱెను. ఫ్రాన్సునకు శాంతి కావలెనని తలచి, ఉవ్రార్ అను ధనికుని ద్వారా ఇంగ్లండుతో రహస్యముగా సంధి మాటలాడించెను. నెపోలియనును తన తమ్ముడైన హాలండు రాజు ద్వారా అదే పనిని సాగించుచుండెను. ఆ వసంతమున హాలండు ప్రాంతమునకు పోయినప్పుడు తన మంత్రి రాయబారము అతనికి తెలిసిపోయెను. సేవకుడు యజమాని పేరిట విదేశముతో మంతనములాడుట ఏ ప్రభుత్వమును సహింపజాలదు. జూన్ మొదటివారమున ఉవ్రార్ చెఱసాల పాలయ్యెను. ఫూషే పదవి ఊడెను. ఈ తొలగింపు న్యాయమైనదే. అయినను నెపోలియను దానిని శిక్షగా ప్రకటింపజాలక, రోమునగర పాలకునిగా నియమించుచున్నట్లు ప్రకటించెను.

కొత్త మంత్రి సవారీకి కార్యాలయమును అప్పగించుటకు ముందు, కాగితములను సర్దుటకు కొన్ని దినములు గడువు కావలెనని ఫూషే వినయముగా కోరెను. అమాయకుడైన సవారీ అంగీకరించెను. ఆ దినములలో ఫూషే ముఖ్యమైన పత్రములను కొన్నింటిని కాల్చెను, కొన్నింటిని దాచెను. తనకు మిగిలినవి పనికిమాలిన కాగితములును, వీథులలో తిరుగు చిల్లర వార్తాహరుల పేర్లును మాత్రమేనని సవారీ తరువాత తన జ్ఞాపకములలో వాపోయెను. చక్రవర్తి ఉగ్రుడై తాను వ్రాసిన లేఖలనన్నింటిని తిరిగి ఇమ్మని మనుష్యులను పంపెను. అన్నియు కాల్చితినని ఫూషే బదులు చెప్పి, ప్రాణభయముతో ఇటలీకి పాఱిపోయెను. సముద్రము దాటిపోవలెనని లివోర్నో రేవున ఓడయెక్కెను గాని, కడలి ఊపునకు తాళలేక ఒడ్డునకు దిగెను. నావికుని కొడుకును సముద్రము మరల తిరస్కరించెను. చివరకు దాచిన పత్రములను అప్పగించి, దక్షిణ ఫ్రాన్సులోని ఎక్స్ నగరమున కాలము గడపుటకు అనుమతి పొందెను.

ఈ తొలగింపునకు నెపోలియను చెల్లించిన మూల్యము రెండేండ్లకు తెలిసెను. 1812 అక్టోబరు 23వ తేదీ తెల్లవారుజామున, వైద్యశాల నిర్బంధము నుండి తప్పించుకొన్న మాలే అను సేనాని, చక్రవర్తి రష్యాలో మరణించెనని దొంగ పత్రములు చూపి, కొన్ని పటాలములను వెంటబెట్టుకొని, సాక్షాత్తు పోలీసు మంత్రి సవారీని పక్కమీది నుండి లేపి చెఱసాలకు పంపెను. కొలది గంటలలో ఆ కుట్ర విఫలమయ్యెను గాని పారిసు జనులు సవారీని చూచి నవ్విరి. నెపోలియను మాత్రము సవారీని తొలగింపలేదు. మితిమీఱి తెలిసినవానిని తొలగించిన చక్రవర్తి ఏమియు తెలియనివానిని నిలుపుకొనెను. ప్రభువులు శాఖాధిపతులలో సామర్థ్యము కన్న విధేయతనే కోరుట ఆశ్చర్యము కాదు. కాని దానికి ఫలమిట్లుండును.

నూఱు దినములు

1814లో నెపోలియను పతనము చెంది ఎల్బా ద్వీపమునకు పోయెను. వధింపబడిన రాజునకు తమ్ముడైన పదునెనిమిదవ లూయీ సింహాసనమెక్కెను. 1815 మార్చిలో నెపోలియను తిరిగి వచ్చుచుండగా రాజభటులు ఫూషేను పట్టుకొనవచ్చిరి. అతడు తోటగోడకు నిచ్చెన వేసికొని తప్పించుకొనెను. నాలుగు దినములకు నెపోలియను పారిసు ప్రవేశించి అతనిని మూడవమారు పోలీసు మంత్రిని చేసెను.

ఆ నూఱు దినములలో ఫూషే ఆస్ట్రియా మంత్రి మెటర్నికుతో రహస్యముగా ఉత్తరములు నడపెను. నెపోలియను అది కనిపెట్టి, ఫూషే దూతగా నటింపజేసి తన మనిషినే బాసెల్ నగరమునకు పంపి నిజము రాబట్టెను. సంగతి పొక్కగానే ఫూషే తానే ఆ లేఖను తెచ్చి చక్రవర్తి ముందుంచి, పనుల ఒత్తిడిలో చూపుట మఱచితినని తప్పుకొనెను. ద్రోహము ఋజువైనది; తొలగించు అధికారము చేతిలోనే యున్నది. కాని శాసనసభలోని స్వాతంత్ర్యవాదులు ఫూషేను తమవానిగా నమ్మియుండిరి. అతనిని తొలగించినచో వారు దూరమగుదురు. నెపోలియను, యుద్ధము గెలిచి వచ్చి చూచుకొందమని తలచి ఊరకుండెను. జూన్ 18వ తేదీన వాటర్లూలో ఆ యుద్ధము ఓడెను. ఫూషే సభను ప్రేరేపింపగా, జూన్ 22వ తేదీన సంతకము చేయవలసినవాడు నెపోలియనే అయ్యెను. అది ఆయన పదవీత్యాగ పత్రము. చక్రవర్తి మంత్రిని తొలగింపలేదు. మంత్రియే చక్రవర్తిని తొలగించెను.

అయిదుగురు సభ్యుల తాత్కాలిక ప్రభుత్వమునకు ఫూషే అధ్యక్షుడై, ఒకచేత దేశమును, మఱియొకచేత వెల్లింగ్టనుతో బేరమును నడపెను. పారిసును నెత్తురొలుకకుండ అప్పగింపగలవాడు అతడొక్కడేయని తలచి, పదునెనిమిదవ లూయీ తన అన్న మరణమునకు ఓటు వేసినవానినే నాలుగవమారు పోలీసు మంత్రిగా స్వీకరించెను.

మూడవ తొలగింపు

కొత్త పదవిలో అతనికి లభించిన మొదటి పని నూఱు దినములలో నెపోలియనును సేవించినవారి పట్టిక వ్రాయుట. జూలై 24వ తేదీన 57 పేర్లతో అది ప్రకటింపబడెను. మొన్నటి వఱకు తాత్కాలిక ప్రభుత్వమున తనతో కూర్చున్న కార్నో పేరును అందుండెను. నె సేనాని అందులోని వాడే. డిసెంబరులో అతనిని కాల్చి చంపిరి. ఆ మంత్రి చేసిన సేవ వారందఱి సేవ కన్న తక్కువది కాదు. పట్టిక వ్రాసినవాడు గనుక తన పేరు అందులో లేదు.

ఆగస్టులో ఫూషే గొప్ప ప్రభువంశపు కన్యను రెండవ పెండ్లి యాడెను. రాజు ఆ వివాహపత్రముపై సంతకము చేసెను. ఇక తనకు తిరుగులేదని అతడు తలచియుండవచ్చును. కాని ఆ నెలలోనే జరిగిన ఎన్నికలలో తీవ్ర రాచరికవాదులు శాసనసభను నింపిరి. వధింపబడిన రాజు కుమార్తె అతని ముఖము చూచుటకే నిరాకరించెను. సెప్టెంబరులో అతనిని మంత్రిపదవి నుండి తప్పించి డ్రెస్డెను నగరమునకు రాయబారిగా పంపిరి. డెకాజ్ అను యువకుడు ఆ స్థానమునకు వచ్చెను. 1816 జనవరి 12వ తేదీ శాసనము, రాజు వధకు ఓటు వేసి నూఱు దినములలో నెపోలియనును సేవించినవారిని దేశము నుండి వెడలగొట్టెను. ఫూషే రాయబారిపదవియు పోయెను, స్వదేశమును పోయెను.

చక్రవర్తికి అంత దుర్లభమైన కార్యము దుర్బలుడైన ఈ రాజునకు ఇంత సులభమెట్లయ్యెను? నెపోలియను రాజ్యము ఒక్క మనిషి ప్రాణముపై ఆధారపడి యుండెను. ఆ మనిషి రహస్యములు తెలిసినవాడు రాజ్యమునకే గండమై నిలిచెను. లూయీ నాటికి శాసనసభ బహిరంగముగా చర్చించి శాసనము చేసెను. సభ యంతటిని భయపెట్టుటకు ఒక్కని పెట్టెలోని ఉత్తరములు చాలవు. అదియును గాక ఫూషేను చూచి భయపడవలసినవారు అప్పటికే పదవుల నుండి పోయియుండిరి. గడువు తీరిన రహస్యము చెల్లని నాణెము.

ప్రాగు, లింజు నగరములలో తిరిగి తిరిగి ఫూషే కడకు ట్రియెస్టు రేవునకు చేరెను. చావునకు ముందు తన పత్రములను నిప్పులో వేయించెనని చెప్పుదురు. 1820 డిసెంబరు 26వ తేదీన అచ్చట మరణించెను. 1875లో అతని అస్థులను ఫ్రాన్సునకు తెచ్చి, అతని పూర్వపు ఎస్టేటు ఉన్న ఫెర్రియేర్ గ్రామమున పూడ్చిరి. అతని పేరిట 1824లో వెలువడిన జ్ఞాపకముల గ్రంథము నిజముగా అతడు వ్రాసినదేనాయని పండితులు నేటికిని వాదించుచున్నారు. బాల్జాకు తన నవలలో అతనిని చిత్రించెను. 1929లో స్టెఫాన్ త్స్వైగు అతని జీవితచరిత్రను వ్రాసెను. అతడేలిన పోలీసు మంత్రిత్వ శాఖను ఫ్రాన్సు 1818లో రద్దుచేసెను.

ఫూషేను మూడు మార్లు తొలగించిరి: మొదట శక్తి పెరిగినదని, పిదప ఆజ్ఞ మీఱెనని, కడపట రాజు వధకు ఓటు వేసెనని. లియోన్ బయలున కూలినవారి పక్షమున గాని, నేరము చేయకయే ద్వీపములకు పోయిన 130 మంది పక్షమున గాని ఒక్క సంతకమును పడలేదు. తొలగించు అధికారము ఏలికల చేతిలో నున్నంతకాలము అది ఏలికల భయమును బట్టియే కదలెను. గూఢచార శాఖ పత్రములు అధిపతి పెట్టెలో గాక రాజ్యపు బీరువాలో నుండవలెను. అధిపతి ప్రభువునకు మాత్రమే గాక శాసనమునకు జవాబు చెప్పవలెను. ఆ రెండును లేని చోట ఎంతటి చక్రవర్తి సంతకమైనను సిరామరకయే. పారిసు కార్యాలయమున 1810 జూన్ మాసమున కాలిన కాగితముల బూడిద దీనికి సాక్ష్యము.